ఆ రాత్రి రికార్డింగు లేకపోవడానికి ఫోను లైను కారణమా?

ప్రశ్న: తెనాలిలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మగారి కోసం ఇంటికి సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) పెట్టించి ల్యాండ్‌లైను బ్రాడ్‌బ్యాండుకు కలిపించాను. బిల్లు తీసుకోలేదు, డబ్బు ఫోన్‌లో పంపాను. దొంగలు పడిన రాత్రి రికార్డింగు కనిపించలేదు. గొలుసు పోయిన దిగులుతో అమ్మ మంచం పట్టింది. అమ్మినవారు లైను లోపమంటారు, ఫోను కంపెనీ డీవీఆర్‌దే లోపమంటుంది. పెట్టె ఆపేసి ఉంచాం. ఇరవై నెలలైంది. దాన్ని విప్పించి డిస్కు మార్పించమని మా బావగారి సలహా. ఏం చేయాలి?

జవాబు: మీ కేసును తేల్చే విషయం ఒక్కటే: ఆ రాత్రి దృశ్యాలు డిస్కులోనే లేవా, లేక మీ మొబైల్లో మాత్రమే కనిపించలేదా? డీవీఆర్ దృశ్యాలను తనలో ఉన్న హార్డ్‌డిస్కులోనే దాచుకుంటుంది. ఫోను లైను అవసరమయ్యేది దూరాన ఉన్నవారు మొబైల్లో చూసుకోవడానికే కాబట్టి, లైను తెగినా రికార్డింగు ఆగకూడదు. డిస్కులోనే లేకపోతే అమ్మినవారి సాకు నిలవదు. అయితే ఆ సమయానికి ఇంట్లో కరెంటు పోయి ఉంటే వారిని తప్పుపట్టడం కష్టం. ఈ సంగతి డీవీఆర్ లాగ్ చెబుతుంది. డిస్కు లోపం, కరెంటు పోవడం, నెట్‌వర్కు తెగిపోవడం సాధారణంగా అందులో వేళలతో సహా నమోదవుతాయి.

పెట్టెను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పించకండి. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద మీ ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపించగలదు. మీ మెకానిక్ ఒక్కసారి స్క్రూ తిప్పితే చాలు, లోపం మీరే తెచ్చుకున్నారని ఎదుటివారు వాదిస్తారు, ఆ వాదనకు మీ దగ్గర జవాబు ఉండదు. డిస్కు నిండితే పాత దృశ్యాల మీద కొత్తవి పడతాయి గనుక, పెట్టెను ఆన్ చేసి చూడాలన్నా ముందు కెమెరా వైర్లు తీసేయండి. లాగ్ తెరను మరో ఫోనుతో వీడియో తీసి వెంటనే ఆపేయండి.

బిల్లు లేకుండా వస్తువు కొనడం క్షమించరాని అజాగ్రత్త. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే కాబట్టి దాన్నీ ఫిర్యాదులో చేర్చండి; మీ చెల్లింపు స్టేట్‌మెంటు, వారితో నడిచిన వాట్సాప్ సంభాషణ, ఫోను కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబర్లు జతపరచండి.

69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లే. మీరు చేసిన ఫోన్లు, రాసిన ఉత్తరాలు ఆ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. మీ చేతిలో ఉన్నది నాలుగు నెలలు. అమ్మినవారినీ ఫోను కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఫోను సేవల ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు వినవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించకపోతే రుసుము ఉండదు. డీవీఆర్ ధర, పరిహారం, ఖర్చులు కోరండి. గొలుసు విలువ అడగవచ్చు గాని, దొంగతనానికి అమ్మినవారిని బాధ్యులను చేయడం కష్టమని తెలిసే అడగండి.