పాఠకుల ప్రశ్నలు – జవాబులు: విమానంలో వైఫై, పక్క సీటులో ఫోను

విమానాల్లో వైఫై దొరకడం మొదలైన తర్వాత, దాని మీద వాట్సాప్ కాల్ చేసుకోవచ్చా, చేస్తే పక్కవారి సంగతేమిటి అని అడుగుతూ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకుల నుంచి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. గల్ఫ్‌లో పనిచేసేవారు, అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చే తల్లిదండ్రులు ఇక్కడ చాలా ఊళ్ళలో ఉన్నారు కనుక ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. ఈసారి శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి కాన్పుకు వెళ్ళాను. రాత్రి దీపాలు తగ్గించి అందరూ కళ్ళు మూసుకున్నాక, నా పక్క సీటులోని యువకుడు చిట్యాల దగ్గరి ప్లాటు గురించి వాట్సాప్‌లో అరగంటకు పైగా బేరమాడాడు. “బాబూ, కొంచెం మెల్లగా మాట్లాడు” అంటే “మేడమ్, వైఫైకి నేను పైసలు కట్టిన” అన్నాడు. పైసలు కడితే ఆ హక్కు వస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, మిర్యాలగూడ

జవాబు: రాదు. ఆయన కట్టిన పైసలు ఇంటర్నెట్ కనెక్షన్‌కు మాత్రమే. ఆ కనెక్షన్‌తో ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో వైఫై కలిపేటప్పుడు ఫోనులో తెరుచుకునే పేజీలోని షరతుల్లో ఉంటుంది. మనలో చాలామంది ఆ షరతులు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని నొక్కేస్తాం. మాటల కాల్స్, వీడియో కాల్స్ చేయరాదని పెక్కు విమాన సంస్థలు అందులో స్పష్టంగానే రాస్తాయి.

అయితే అన్ని దేశాలకూ, అన్ని సంస్థలకూ ఒకే నియమం లేదన్నది కూడా మీరు గమనించాలి. అమెరికాలో సాధారణ సెల్‌ఫోన్ నెట్‌వర్క్ మీద గాలిలో మాట్లాడటాన్ని అక్కడ టెలిఫోన్, రేడియో తరంగాలను నియంత్రించే కమ్యూనికేషన్ల కమిషన్ 1991లోనే నిషేధించింది. ఆ నిషేధాన్ని సడలిద్దామని 2013లో అదే కమిషన్ ఒక ప్రతిపాదన తెచ్చింది కానీ, వ్యతిరేకత ఎదురై 2020లో దానిని వెనక్కు తీసుకుంది. 2018 నాటి విమానయాన చట్టంలోనైతే, విమానంలో ప్రయాణికులు మొబైల్ పరికరాలతో మాట్లాడటాన్ని నిషేధించే నిబంధనలు తేవాలని అమెరికా కాంగ్రెస్ రవాణా శాఖను ఆదేశించింది. గల్ఫ్ సంస్థల దారి వేరు: దుబాయి నుంచి కాసాబ్లాంకా వెళుతున్న ఎమిరేట్స్ విమానంలో 2008 మార్చిలోనే, అంటే మన శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్న నెలలోనే, ప్రయాణికులు అనుమతితో తమ మొబైళ్ళలో మాట్లాడారు. మన దేశంలో 2018 డిసెంబరులో వచ్చిన విమాన, సముద్రయాన కనెక్టివిటీ నియమాలు డేటాకూ మాటలకూ రెండింటికీ తలుపు తెరిచాయి. కనుక మీ పక్క సీటు యువకుడు ఆ సంస్థ నియమాన్ని అతిక్రమించాడా లేదా అన్నది ఆ సంస్థ షరతులను బట్టి తేలవలసిన విషయం.

మర్యాద మాట మాత్రం షరతులతో ముడిపడి లేదు. ఇద్దరు ప్రయాణికులు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటే కలగని చిరాకు ఒకరు ఫోనులో మాట్లాడితే ఎందుకు కలుగుతుందని కొందరు వాదిస్తారు. దీనికి జవాబు ఉంది. సంభాషణలో ఒక పక్కే వినబడినప్పుడు, రెండో పక్క ఏమై ఉంటుందోనని మన మనసు మనకు తెలియకుండానే ఊహిస్తూ పోతుందనీ, దానివల్ల చేస్తున్న పని మీద ధ్యాస చెదురుతుందనీ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రయోగపూర్వకంగా చూపించారు. “ఆ... ఆ... గజానికా? మరి రిజిస్ట్రేషన్ ఎప్పుడంట?” అని చీకట్లో వినబడుతుంటే నిద్ర పట్టకపోవడం మీ తప్పు కాదు. (గజం ఎంతకు తెగిందో మీరు రాయలేదు; తెలుసుకోవాలని మాకూ ఉంది.) దీనికి తోడు, చుట్టూ హోరు ఉన్నప్పుడు మనిషి తన ప్రమేయం లేకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లోనే గుర్తించాడు. విమానంలో ఇంజన్ల హోరు ఎప్పుడూ ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా ఉంటే తన గొంతు తనకే సరిగా వినబడదు. ఆ యువకుడు తాను మెల్లగానే మాట్లాడుతున్నానని నిజంగానే అనుకుని ఉండవచ్చు.

ఒకసారి చెప్పాక వినకపోతే, మళ్ళీ ఆయనతోనే వాదించకుండా సీటు పైన ఉన్న పిలుపు బటన్ నొక్కి సిబ్బందికి చెప్పడమే సరైన పద్ధతి. మెల్లగా మాట్లాడమని చెప్పడమూ, కాల్ ఆపమని చెప్పడమూ వారి పని. అందుకు మీరు మొహమాటపడనవసరం లేదు.

ప్రశ్న: విమానంలో వాట్సాప్ మెసేజి క్షణంలో వెళుతుంది, కాల్ మాత్రం ‘కనెక్ట్ అవుతోంది’ అని తిరుగుతూనే ఉంటుంది. రెండూ అదే ఇంటర్నెట్ కదా, ఈ తేడా ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి దూరం, రెండోది విమాన సంస్థ వేసే అడ్డు.

ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతు సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్ల చొప్పున ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఒకదాని వెనుక ఒకటిగా సెకనుకు 50 చొప్పున అవతలికి వెళ్ళాలి, అటు నుంచి అన్నే రావాలి. మెసేజి దారిలో ఎక్కడైనా తప్పిపోతే ఫోను దానిని మళ్ళీ పంపుతుంది. రెండు సెకన్లు ఆలస్యమైనా చదివేవారికి తేడా తెలియదు. మాటలో ఒక ముక్క ఆలస్యంగా వస్తే మాత్రం దాని సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది కనుక ఫోను దానిని పారేస్తుంది. అలాంటివి వరుసగా కొన్ని పోతే మనకు గొంతు తెగితెగి వినబడుతుంది.

చాలా విమానాల వైఫై ఇప్పటికీ భూస్థిర కక్ష్యలోని, అంటే భూమితో సమానంగా తిరుగుతూ నేల మీది నుంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు ఉండే ఉపగ్రహాల మీద ఆధారపడి ఉంది. అవి భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. విమానం నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి నేలమీది కేంద్రానికి సంకేతం వెళ్ళేసరికి దాదాపు 72 వేల కిలోమీటర్లవుతుంది. వెలుగు వేగంతో పోయినా అందుకు పావు సెకను పడుతుంది. అవతలివారి జవాబు అదే దారిన రావడానికి ఇంకో పావు సెకను. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందనీ, 400 దాటనివ్వరాదనీ అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సూచిస్తుంది. ఈ ఉపగ్రహాల కాల్ ఆ రెండింటి మధ్య పడుతుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, “హలో, వినబడుతుందా” అని ఇద్దరూ అరవడం. అరిచినందువల్ల సంకేతం త్వరగా వెళ్ళదు. ముందు సీటులోని చంటిబిడ్డ లేస్తుంది, అంతే. స్టార్‌లింక్ వంటి కొత్త ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక వాటి మీద ఈ ఆలస్యం చాలా తక్కువ, కాల్ కూడా ఇంట్లో మాట్లాడినంత స్పష్టంగా ఉండగలదు. 2024 నుంచి హవాయియన్, ఖతార్ వంటి సంస్థల విమానాల్లో ఈ సేవ వచ్చింది. ఇంతకాలం కాల్ సరిగా కలవకపోవడమే ప్రయాణికుల చెవులను కాపాడిందనీ, సాంకేతిక అడ్డు తొలగేకొద్దీ మర్యాద గురించి మాట్లాడుకోవలసిన అవసరం పెరుగుతుందనీ మా అభిప్రాయం.

ఇక రెండో కారణం. కాల్ తాలూకు డేటా ప్రవాహానికి ఒక తీరు ఉంటుంది: చిన్నచిన్న ముక్కలు, సమాన వ్యవధిలో, రెండు దిశల్లో. విమానంలోని నెట్‌వర్క్ పరికరం దానిని గుర్తుపట్టి ఆపివేయగలదు. అప్పుడు రింగు వెళ్ళినట్టే కనిపించి మాట మాత్రం కలవదు. ఒకే ఉపగ్రహ లింకును విమానంలోని వారందరూ పంచుకోవాలి కనుక, నిశ్శబ్దం కోసమే కాక అందరికీ సరిపడా డేటా మిగలడానికి కూడా సంస్థలు ఈ అడ్డు వేస్తాయి. మెసేజిలకు మాత్రమే పనికివచ్చే ప్యాక్ తీసుకుంటే కాల్ ఎలాగూ వెళ్ళదు. దొంగదారిన వీపీఎన్ (వెళ్ళే డేటా ఏమిటో నెట్‌వర్క్‌కు తెలియకుండా దాచి పంపే యాప్) పెట్టి కాల్ కలిపానని మీరు ఉత్తరం చివర రాశారు. తెలివి ఉన్నమాట నిజమే కానీ, అది ఆ సంస్థ షరతులకు విరుద్ధం కావచ్చు.

ప్రశ్న: ఫోను వాడితే విమానం పడిపోతుందా?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: పడిపోదు. ఫ్లైట్ మోడ్‌లో పరికరాలు వాడుకోవడానికి మన పౌర విమానయాన డైరెక్టరేట్ 2014లోనే అనుమతించింది. మామూలు సెల్ సిగ్నల్‌ను ఆపమనడానికి ఉన్న కారణాలు వేరు: పైలట్ల హెడ్‌ఫోన్లలో గరగర శబ్దం రావచ్చు, అంత ఎత్తున ఉన్న ఫోను ఒకేసారి నేలమీది అనేక టవర్లను తాకి నెట్‌వర్క్‌ను గందరగోళపరచవచ్చు.

ప్రశ్న: నేను షార్జాలో పనిచేస్తున్నాను. వచ్చే నెల అమ్మకు మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్. టికెట్టు దొరికిన రోజే ఆపరేషన్ కూడా పడింది, అది జరిగే సమయానికి నేను విమానంలో ఉంటాను. పై నుంచి అన్నతో మాట్లాడవచ్చా? మాట్లాడితే తప్పా?
– వనపర్తి జిల్లా పాఠకుడు

జవాబు: మీ వంటివారు ఒక్క నిమిషం మాట్లాడితే తప్పు పట్టే మనిషి విమానంలో ఎవరూ ఉండరు. కానీ మాట కలుస్తుందన్న నమ్మకంతో ఎక్కకండి. షార్జా, శంషాబాద్ మధ్య తిరిగే చిన్న విమానాల్లో చాలావాటికి వైఫై ఉండదు. టికెట్టు తీసుకునేటప్పుడే ఏ విమానం, వైఫై ఉందా, మెసేజిలకేనా లేక పూర్తి ఇంటర్నెట్టా అని అడిగి తెలుసుకోండి. జియో, ఎయిర్‌టెల్ వంటి మన కంపెనీలు అమ్మే విమాన ప్యాక్‌లు కొన్ని విమాన సంస్థలలోనే పనిచేస్తాయి కనుక మీ సంస్థ పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఇంకొక చిక్కు ఉంది, దీనిని చాలామంది పైకి వెళ్ళాక గాని గమనించరు. విమానంలో మన బ్యాంకు కార్డుతో వైఫై కొనబోతే బ్యాంకు ఓటీపీ పంపుతుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోనుకు ఆ ఎస్సెమ్మెస్ రాకపోవచ్చు. ఓటీపీ లేక కొనుగోలు ఆగిపోతుంది. కనుక వైఫై ప్యాక్‌ను నేల మీద ఉండగానే కొనండి. కొన్ని సంస్థలు తమ సభ్యత్వ పథకంలో చేరినవారికి మెసేజిల సదుపాయం ఉచితంగానే ఇస్తాయి. సభ్యత్వానికి రుసుము ఉండదు, ముందురోజే చేరిపోవచ్చు. ఎక్కాక ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫైని మాత్రం విడిగా ఆన్ చేసుకోవాలి. మన గగనతలంలో విమానం 3,000 మీటర్ల ఎత్తు దాటి, పరికరాలు వాడుకోవచ్చని సిబ్బంది చెప్పాకనే ఈ సేవ మొదలవుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఈ సంగతిని నియమాల్లో స్పష్టం చేసింది.

మీ అన్నకు, వదినకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి: “కాల్ చేయకండి, రాసి పంపండి. లోపలికి తీసుకుపోగానే ఒకటి, బయటికి తేగానే ఒకటి.” టైపు చేయడం రాని పెద్దవారైతే వాయిస్ మెసేజి పంపమనండి, మీరు ఇయర్‌ఫోన్లలో విని జవాబు రాయండి. దుబాయి, షార్జాలలో నేలమీద కూడా వాట్సాప్ కాల్ వెళ్ళక బోటిమ్ వంటి యాప్‌లతో నెట్టుకొచ్చేవారు కనుక ఈ అలవాటు మీకు కొత్త కాదు. నిజంగా మాట్లాడవలసి వస్తే సిబ్బందికి సంగతి చెప్పండి. వెనుక వంటగది పక్కన నిలబడి రెండు నిమిషాలు మాట్లాడుకోవడానికి వీలుంటుందేమో వారే చెబుతారు. అమ్మగారి ఆపరేషన్ సవ్యంగా జరగాలని కోరుకుంటున్నాం.

ప్రశ్న: మా ఆర్టీసీ బస్సులో స్పీకర్ పెట్టి ఊరంతా వినేలా మాట్లాడినా ఎవరూ ఏమీ అనరు. విమానం ఎక్కగానే ఈ మర్యాదలన్నీ ఎందుకు? డబ్బున్నవారి నాజూకుతనం కాదా ఇది?
– నాగర్‌కర్నూల్ పాఠకుడు

జవాబు: బస్సులో ఎవరూ ఏమీ అనరన్నది పూర్తిగా నిజం కాదు; అనుకుంటారు, పైకి అనరు. కల్వకుర్తి బస్సులో గోల ఎక్కువైతే ముందు సీటులోకి మారవచ్చు, కిటికీ తెరిస్తే గాలి హోరులో సగం కొట్టుకుపోతుంది, మరీ ఓర్చుకోలేకపోతే దిగి తర్వాతి బస్సు ఎక్కవచ్చు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున బెల్టు పెట్టుకుని కూర్చున్నవారికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. నాజూకుతనం అనడానికి వీల్లేదు. గల్ఫ్ విమానాల్లో ఎక్కువమంది రెండేళ్ళ తర్వాత ఇంటికి వస్తున్న కూలీలే, వారికీ ఆ నాలుగు గంటల నిద్ర అవసరమే. రైళ్ళలో కూడా రాత్రి 10 దాటాక ఫోనులో గట్టిగా మాట్లాడరాదని, పాటలు పెట్టరాదని రైల్వే శాఖ నియమం పెట్టింది.

స్పీకర్ విషయంలో మాత్రం మేము ఏ మినహాయింపూ ఇవ్వదలచుకోలేదు. పిల్లలకు టాబ్‌లో కార్టూన్ పెట్టి ఇయర్‌ఫోన్లు మరిచిపోయే తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది.

శిక్షలు ఉన్నాయా అని కూడా మీరు అడిగారు. ఫోనులో మాట్లాడినంత మాత్రాన ఎవరినీ నిషేధిత జాబితాలో చేర్చరు. అయితే ఆపమన్న సిబ్బందితో గొడవకు దిగి మాటలతో వేధిస్తే అది వేరే సంగతి: 2017లో మన దేశంలో తెచ్చిన నియమాల ప్రకారం అది మొదటి స్థాయి దుష్ప్రవర్తన కింద లెక్కకు రావచ్చు, అందుకు 3 నెలల వరకు విమాన ప్రయాణ నిషేధం విధించవచ్చు. చేయి చేసుకుంటే రెండో స్థాయి, 6 నెలలు.