పెళ్ళయి పదేళ్ళు, ఇప్పుడు ఆటిజం పరీక్షేంటంటున్నారు మా ఇంట్లో

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. నాకు 34, ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను. మావారిది ఎరువుల షాపు, ఉమ్మడి కుటుంబం, ఆరేళ్ళ పాప. చిన్నప్పట్నుంచీ నలుగురిలోకి వెళ్తే నేనేదో వేషం వేస్తున్నట్టే ఉంటుంది. ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకుంటాను. కుక్కర్ విజిల్, జరీ గుచ్చుకోవడం, ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడటం తట్టుకోలేను. శ్రావణమాసం పేరంటంలో కాళ్ళకి పసుపు రాస్తుంటే నాకు తెలీకుండానే కాళ్ళు వెనక్కి లాగేసుకున్నాను, అప్పట్నుంచీ అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. మా అక్క కొడుక్కి ఆటిజం అని రాజమండ్రిలో చెప్పారు, వాడి కోసం ఇచ్చిన ప్రశ్నలు చదువుతుంటే నా గురించి రాసినట్టే ఉంది. ఫోన్లో ఏక్యూ అని ఒక టెస్ట్ చేస్తే 50కి 36 వచ్చింది. మావారు ఫోన్ చూసి రోగాలు తగిలించుకుంటున్నావంటారు. అమ్మేమో తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, ఆ మాట ఎత్తకు అంటుంది. వెళ్ళాలా వద్దా?

జవాబు: వెళ్ళండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు ఉత్తరమంతా పర్మిషన్ అడుగుతున్నట్టే రాశారు, 34 ఏళ్ళ మనిషికి తన గురించి తను తెలుసుకోడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలోనే చిన్నప్పట్నుంచీ ఉండే తేడా, నలుగురితో కలవడం, చప్పుళ్ళూ స్పర్శా తట్టుకోవడం లాంటివి కష్టంగా ఉంటాయి. అయితే ఆ 36 మార్కులు పట్టుకుని నాకు ఆటిజం ఉందని తేల్చేసుకోకండి. ఏక్యూ అనేది 2001లో కేంబ్రిడ్జ్ వాళ్ళు తయారుచేసిన స్క్రీనింగ్, 32 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒకసారి చూపించుకోండి అని చెప్పడం వరకే దాని పని. పైగా అది ఇంగ్లండ్ వాళ్ళ బతుకుని బట్టి రాసిందాయె, అందులో నాటకానికి వెళ్తారా మ్యూజియానికి వెళ్తారా లాంటి ప్రశ్న కూడా ఉంటుంది, రాజోలులో కూర్చుని దానికేం టిక్ పెడతాం చెప్పండి. విపరీతమైన ఆందోళన ఉన్నవాళ్ళకి కూడా ఆ మార్కులు పెరుగుతాయి. నలుగురిలోకి వెళ్ళడం కష్టంగా ఉండటం ఆటిజంలో ఉంటుంది, సోషల్ యాంగ్జైటీలోనూ ఉంటుంది. నన్ను చూసి ఏమనుకుంటారో అనే భయమా, లేకపోతే ఇక్కడ ఎప్పుడు మాట్లాడాలి ఎప్పుడు లేవాలి అన్నది అసలు అంతుపట్టకపోవడమా, ఆ తేడా పట్టుకునేది డాక్టరే. రెండూ కలిసి ఉండటమూ మామూలే, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) కూడా తోడుండొచ్చు.

ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదు అని మీకు అనుమానం రావచ్చు. 1943లో కానర్ అనే డాక్టర్ ఆటిజం గురించి మొదట రాసినప్పుడు ఆయన చూసిన 11 మంది పిల్లల్లో 8 మంది మగపిల్లలే, ఆ తర్వాత చాలా ఏళ్ళు అందరూ మగపిల్లల్లోనే వెతికారు. ఇంక మన ఇళ్ళల్లో ఆడపిల్ల మూల కూర్చుని మాట్లాడకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారా ఎక్కడైనా, నోట్లో నాలుక లేని పిల్లండీ అని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకుంటారు. మీరేమో పక్కవాళ్ళని చూసి ఎప్పుడు నవ్వాలో ఎంత నవ్వాలో నేర్చేసుకున్నారు, ఆ వేషమే మీరు రాసింది. డాక్టర్లు ఇప్పుడు వాడే నిర్వచనంలో కూడా ఈ మాట ఉంది, లక్షణాలు చిన్నప్పట్నుంచే ఉండాలి గానీ మనిషి మీద భారం తన శక్తికి మించినప్పుడే పూర్తిగా బయటపడొచ్చు, అంతవరకూ నేర్చుకున్న పద్ధతులతో కప్పేసుకోవచ్చు అని. పుట్టింట్లో మీ గది మీకుండేదేమో, ఇక్కడ ఉమ్మడి కుటుంబం, స్కూలు, పాప, పేరంటాలు. కప్పుకునే ఓపిక అయిపోయింది, అంతే.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. పెద్దవాళ్ళకి ఆటిజం ఉందో లేదో చెప్పడానికి రక్తపరీక్షా లేదు స్కానింగూ లేదు. డాక్టరు మీతో మాట్లాడాలి, మిమ్మల్ని గమనించాలి, మీ చిన్నతనం తెలుసుకోవాలి. మూడేళ్ళప్పుడు మీరెలా ఉండేవారో మీకు గుర్తుండదు, అది తెలిసిన మనిషి ఎవరంటే ఆ మాట ఎత్తకు అంటున్న మీ అమ్మగారే. మీవారి వెక్కిరింపు కన్నా నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తోంది.

కాబట్టి అమ్మతో వాదన పెట్టుకోకండి, ఆటిజం అన్న మాటే తీయకండి. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆవిడ చేతిలో ఏదో పనున్నప్పుడు, ఆవకాయ ముక్కలు తుడుస్తున్నప్పుడో చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో పక్కన కూర్చోండి (చేతిలో పనుంటే అమ్మలు బాగా చెప్తారు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం నాకేం గుర్తులేదంటారు). నేను మాటలు ఎప్పుడు నేర్చానమ్మా, ఎవరైనా ఎత్తుకుంటే వెళ్ళేదాన్నా, దేంతో ఆడుకునేదాన్ని, అన్నంలో ఏం తినేదాన్ని కాదు, చెవులు కుట్టించినప్పుడు ఏం చేశాను, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎప్పుడైనా తీసుకెళ్ళారా, ఆ డప్పులకి ఏడ్చేదాన్నా, ఇలా అడగండి. కథలు చెప్పించుకోండి అంతే. ఆవిడ పొగడ్తల్లోనే మీకు కావాల్సింది దొరుకుతుంది. "అబ్బో, నువ్వు అసలు విసిగించేదానివే కాదు, గవ్వలు వరసగా పేర్చుకుంటూ పొద్దుగూకేదాకా ఒక్కదానివే ఉండేదానివి, ఒక్క గవ్వ కదిలిస్తే మాత్రం ఊరు లేచిపోయేలా ఏడ్చేదానివి" అన్నారనుకోండి, అమ్మకది ముచ్చట, డాక్టరుకి అదే ఆధారం. వచ్చిన వెంటనే ఆవిడ మాటల్లోనే రాసుకోండి, సొంత అర్థాలు కలపకండి. మీ అనుమానాన్ని బలపరిచేవే కాకుండా దానికి ఎదురుగా ఉన్నవి కూడా రాయండి, అలా రాసుకెళ్తేనే డాక్టరు పని సవ్యంగా జరుగుతుంది. పాత ప్రోగ్రెస్ రిపోర్టుల్లో టీచర్లు రాసిన మాటలు దొరికినా పట్టుకెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, రాజమండ్రి కాకినాడ భీమవరం వైపు ఆటిజం అని బోర్డులున్న సెంటర్లు ఎక్కువ పిల్లల థెరపీకే, అక్కడికి మీరెళ్తే పాప ఏదండీ అంటారు. మీకు కావాల్సింది సైకియాట్రిస్టు, లేదా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు. బయల్దేరే ముందే ఫోన్ చేసి పెద్దవాళ్ళకి ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా, ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది, రిపోర్ట్ రాసిస్తారా అని అడగండి, ఫోన్లో చెప్పేది మీరెలాగూ రాసుకునే మాట్లాడతారు కదా, ఈసారి అది పనికొస్తుంది. ప్రభుత్వాసుపత్రి అయితే కాకినాడ జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, యానాం వంతెన మీదుగా వెళ్ళి రావచ్చు. విశాఖ చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. అక్కడా తేలకపోతే బెంగళూరులోని నిమ్‌హాన్స్, అది కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ. మొదటి డాక్టరే "మీరు ఉద్యోగం చేస్తున్నారు, పెళ్ళయింది, ఆటిజం ఏంటండీ" అని కొట్టిపారేస్తే కుంగిపోవద్దు, ఆ మాట అసెస్‌మెంట్ కాదు, ఇంకొకర్ని చూడండి. అదే అన్నీ విని, అడిగి, కాదు ఇది ఆందోళన అంటే మాత్రం ఒప్పుకోండి, దానికి వైద్యం ఉంది.

అవునంటే ఏం జరుగుతుంది? పెద్దగా ఏమీ జరగదు. ఆటిజానికి మందు లేదు, నయం చేస్తామనే వాళ్ళకి డబ్బులు తగలేయకండి. నిద్ర పట్టకపోవడం, ఆందోళన, డిప్రెషన్ ఉంటే వాటికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రం) వేరే సంగతి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ఆటిజం ఎంతుందో కొలవడానికి 40 ప్రశ్నల ఐసా స్కేల్ పెట్టి శాతం వేస్తారు, 40 శాతం నుంచే రిజర్వేషన్ లాంటివి. మీకది కావాలంటేనే అప్లై చేసుకోవాలి, డాక్టరు అవునన్నంత మాత్రాన మీ పేరు ఎక్కడికీ వెళ్ళిపోదు. డాక్టరు మీ విషయం గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. అంటే తమ్ముడి సంబంధం చూడ్డానికొచ్చే వాళ్ళకి తెలియాలంటే మీలో ఎవరో ఒకరు చెప్పాలి. అమ్మకి ఈ ముక్క చెప్పండి, సగం భయం తగ్గుతుంది. ఇది కుటుంబాల్లో నడిచే గుణమే, అక్క కొడుకు విషయం డాక్టరుకి తప్పకుండా చెప్పండి, అలాగని ఇది ఎవరి పెంపకం తప్పూ కాదు. మీ పాపని ఇప్పట్నుంచే అనుమానంగా చూడక్కర్లేదు, స్కూల్లోనో ఇంట్లోనో ఇబ్బంది పడుతుంటే అప్పుడు చూపిద్దురుగాని.

మీవారి గురించి ఒక్క మాట. ఆయన చెడ్డవాడిలా అనిపించలేదు నాకు, భయపడి వెక్కిరిస్తున్నాడేమో. ఒప్పించడం మానేసి, రెండోసారి వెళ్ళేటప్పుడు డాక్టరు మిమ్మల్ని కూడా కొన్ని అడగాలంటున్నారు రండి అని పిలవండి. భర్త చెప్పేది డాక్టరుకి నిజంగానే కావాలి, పదేళ్ళుగా మిమ్మల్ని చూసిన మనిషి. పెళ్ళిళ్ళ నుంచి వచ్చాక మీరు రెండ్రోజులు ఎలా పడుంటారో మీకన్నా ఆయనకే బాగా తెలిసుండొచ్చు.

ఇంట్లో మార్చుకోవాల్సినవాటికి డాక్టరు కాగితం దాకా ఆగక్కర్లేదు. స్కూల్నుంచి రాగానే ఓ అరగంట గది తలుపేసుకుంటానని చెప్పండి, తలనొప్పి అని అబద్ధం చెప్పి కాదు, ఇది నాకు అవసరం అని చెప్పి. జాకెట్టు లోపల మెత్తటి లైనింగ్ వేయించుకోండి. పెళ్ళి బ్యాండు దగ్గర చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే జుట్టు కింద ఎవరికీ కనపడవు. పేరంటంలో పసుపు గిన్నె మీ దాకా రాగానే నేనే రాసుకుంటానండి అని మీరే చెయ్యి చాపండి, అది తప్పు పట్టేవాళ్ళు ఉండరు. అత్తయ్యతో మాత్రం ఆ రోజు సంగతి ఒకసారి మాట్లాడాలి. ఆవిడ దృష్టిలో ముత్తైదువులందరి ముందూ కోడలు పసుపు వద్దంది, అది చిన్న విషయం కాదు ఆవిడకి. "అత్తయ్యా, ఎవరైనా ఉన్నట్టుండి ముట్టుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే, మిమ్మల్ని అవమానించాలని కాదు" అనండి, అంతకు మించి వివరించకండి. మొహం మీద చెప్పలేకపోతే రాసిచ్చినా పర్లేదు.

మధ్యలో బాగా దిగులుగా ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఏ వేళైనా ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలనిపించనంతగా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రోజు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

అమ్మ ఎంతకీ నోరు విప్పకపోతే అక్కని అడగండి, మీకంటే పెద్దది కాబట్టి కొన్నయినా గుర్తుంటాయి, కొడుకు విషయంలో ఆవిడ ఇప్పటికే ఈ ప్రశ్నలన్నీ చూసింది కూడా. అక్కడా కుదరకపోతే మళ్ళీ రాయండి, మేనత్తలో పిన్నులో ఇంకెవరున్నారో చూద్దాం.