నెల్లూరు జెండాలో ఉసిరి రెమ్మ దూరానికి కనబడాలంటే

మీరు గీసిన నెల్లూరు జిల్లా జెండాలో ముదురు పచ్చ మీద నీలి పెన్న, పైన ఉసిరి చెట్టు, కింద జిల్లా పేరు వేశారు, దూరం నుంచి అంతా మసకగా ఉందంటున్నారు. నీలం, పచ్చ రెండూ ఒకే ముదురులో ఉండటమే కారణం. ఫోన్లో బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, పెన్న మాయమవుతుంది. రెండింటి మధ్య పండిన వరిచేను పసుపు పట్టీ వేయండి. 60 × 90 సెంటీమీటర్ల జెండాకు 6 సెంటీమీటర్ల పట్టీ చాలు.

ఉసిరి మాత్రం వదలకండి, నెల్లి (అంటే ఉసిరి) చెట్టు వల్లే ఊరికి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు కదా. కానీ చెట్టంతా వద్దు, ఒక్క రెమ్మ చాలు. ఆకులు అటు 7, ఇటు 7, రెమ్మ మొదట్లో ఆరు చారల కాయ ఒకటి. అసలు ఆకులు చాలా సన్నం. అలాగే గీస్తే స్క్రీన్ ప్రింటింగులో రంగు పాకి అంచులు కలిసిపోతాయి. అందుకే ఒక్కో ఆకు వెడల్పు 1.5 సెంటీమీటర్లు, మధ్య సందు అర సెంటీమీటరు ఉంచండి. రెమ్మా పసుపే అయితే రంగుకొకటి చొప్పున మూడు స్క్రీన్లతో పని అయిపోతుంది.

అక్షరాలు తీసేయండి, వెనక నుంచి తిరగబడి కనిపిస్తాయి.

నూలు గుడ్డ వానకు బరువెక్కి కర్రకు చుట్టుకుంటుంది, పాలిస్టర్ తీసుకోండి. మైపాడు సముద్రపు గాలికి ముందు చిరిగేది ఎగిరే అంచే. అక్కడ రెండు మడతలు, మూడు వరసల కుట్టు వేయించండి.