టెక్ సందేహాలు: డ్యాంపింగ్ పెట్టినా ఊపు పెరుగుతోందేం?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో సిమ్‌హెచ్ (పాత కంప్యూటర్లను అనుకరించే ఎమ్యులేటర్) వేసి, పీడీపీ-8 అనే 1960ల నాటి కంప్యూటర్ మీద ఫోకల్ అనే ప్రోగ్రామింగ్ భాష నడుపుతున్నాను. స్ప్రింగుకు కట్టిన బరువు మోడల్ రాశాను. ద్రవ్యరాశి 1, స్ప్రింగు స్థిరాంకం 1, డ్యాంపింగ్ (ఊపును అణిచే నిరోధం) 0.05, స్టెప్ (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) 0.1. ఊపు తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ఎమ్యులేటర్ లోపమా?

జవాబు: ఎమ్యులేటర్‌ని అనుమానించకండి. పాత వేగంతో స్థానాన్నీ, పాత స్థానంతో వేగాన్నీ జరుపుతున్నట్టున్నారు. ఈ ఆయిలర్ పద్ధతి ప్రతి స్టెప్‌లో కాస్త శక్తిని చాటుగా ఎక్కిస్తుంది. డ్యాంపింగ్‌ను స్ప్రింగు స్థిరాంకంతో భాగిస్తే వచ్చే విలువ, మీకైతే 0.05, స్టెప్ దానికంటే చిన్నదైతేనే ఊపు తగ్గుతుంది. 0.1 దగ్గర ఒక్కో ఊపుకీ సుమారు 17 శాతం పెరుగుతుంది; నిజానికి 14.5 శాతం తగ్గాలి.

స్టెప్ 0.01 చేస్తే తగ్గుతుంది గానీ 12 శాతమే, పైగా లెక్క పదింతలు. దానికంటే వరస మార్చండి: ముందు వేగం, ఆ కొత్త వేగంతోనే స్థానం. 0.1తోనే తగ్గుదల దాదాపు సరిగ్గా వస్తుంది.

ఇంకో గోతి ఉంది. ఫోకల్‌లో భాగహారం కంటే గుణకారం ముందు జరుగుతుంది. బలాన్ని ద్రవ్యరాశితో భాగించి చివర్లో స్టెప్‌తో గుణిస్తే, అది రెండింటి లబ్ధంతో భాగిస్తుంది. మీ స్టెప్‌కు వేగంలో మార్పు వందరెట్లవుతుంది. స్టెప్‌ని మొదట రాయండి. బలానికి ‘ఎఫ్’ అని పేరు పెట్టకండి, ఆ అక్షరం ఫంక్షన్లది.

ప్రశ్న: మధ్యలో ఆపి డ్యాంపింగ్ మారిస్తే విలువలన్నీ సున్నా అవుతున్నాయి.

జవాబు: ప్రోగ్రాం లైనును ఎడిట్ చేస్తున్నారు. ఫోకల్‌లో లైను ముట్టుకుంటే వేరియబుల్స్ పోతాయి. కంట్రోల్-సి కొట్టండి, ఫోకల్ సిద్ధమని చెప్పే నక్షత్రం గుర్తు రాగానే లైన్ నంబరు లేకుండా ‘సెట్’తో కొత్త విలువ ఇవ్వండి, ‘గోటూ’తో లూప్ మొదటి లైనుకు వెళ్లండి. ఆరంభ విలువలు ఆ లైనుకు పైనే ఉండాలి. లూప్‌ని ‘ఫర్’తో కాక ‘గోటూ’తో కట్టుకోండి, ‘ఫర్’ మధ్యలో ఆపితే తిరిగి అందుకోలేరు.

ప్రింటింగ్‌ని లూప్ చివర పెట్టండి. అప్పట్లో పీడీపీ-8కి తగిలించిన అసలు టెలిటైప్ (కాగితం మీద అచ్చుకొట్టే టెర్మినల్) సెకనుకు 10 అక్షరాలే కొట్టేది, 72 అక్షరాల లైనుకు ఏడు సెకన్లు. ఆ వేగంలో కంట్రోల్-సి చాలావరకు ప్రింటింగ్‌లోనే పడేది, అప్పటికి వేగం, స్థానం రెండూ పూర్తయి ఉండేవి. ల్యాప్‌టాప్‌లో ఆ భరోసా తక్కువ: రెండింటి మధ్య ఆగితే తిరిగి మొదలైనప్పుడు వేగం రెండుసార్లు జరుగుతుంది. ఐదు స్టెప్పులకోసారి ప్రింట్ చేస్తే చాలు.