గ్రాముల లెక్క ఎవరు వేశారు?

ప్రశ్న: మత్తుమందుల చట్టాలు శాస్త్రాన్ని బట్టి రాస్తారా, రాజకీయాన్ని బట్టా?

జవాబు: రెండూ కలుస్తాయి. ఏది ఎంత పాళ్లో తెలియాలంటే చట్టంలోని గ్రాముల అంకె పట్టుకోండి. అమెరికా 1986 చట్టం ప్రకారం అమ్మకానికి ఉంచుకున్న క్రాక్ 5 గ్రాములు దొరికినా, పొడి కొకైన్ 500 గ్రాములు దొరికినా ఒకటే శిక్ష: కనీసం 5 ఏళ్ల జైలు. పొడిని నీళ్లలో వంటసోడాతో వేడిచేస్తే గడ్డకట్టేదే క్రాక్. లోపలి మందు ఒక్కటే. పొగగా పీలిస్తే మెదడుకు త్వరగా ఎక్కుతుంది, వ్యసనం త్వరగా పట్టుకుంటుంది, నిజమే. కానీ అది వందరెట్ల తేడా కాదు. క్రాక్ కేసుల్లో శిక్షపడినవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. రెంటినీ సమానం చేయమని 1995లో, కోర్టులకు శిక్షల మార్గదర్శకాలు రాసే శిక్షల కమిషనే చెప్పింది, అమెరికా చట్టసభ కాంగ్రెస్ తోసిపుచ్చింది. 2010లో క్రాక్ హద్దు 28 గ్రాములకు పెరిగింది, అంటే 18 రెట్లకు దిగింది. ఈ 18కీ ప్రయోగశాలతో పనిలేదు, అది పార్టీల బేరం.

గంజాయిదీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు మీద, మత్తుమందులపై ఐక్యరాజ్యసమితి 1961 ఒప్పందంలోని అతి కఠిన జాబితా (నాలుగోది) నుంచి దాన్ని 2020 డిసెంబరులో తప్పించారు. ఐక్యరాజ్యసమితి మత్తుమందుల కమిషన్‌లో సభ్యదేశాల ఓట్లు 27–25! నియంత్రణ ఉండే మొదటి జాబితాలో మాత్రం ఇంకా ఉంది.