షోకేసులో షాంపేన్

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. లండన్‌లో ఉండే మా పెద్దల్లుడు మూడేళ్ల కిందట ఒక షాంపేన్ సీసా తెచ్చిచ్చాడు. లేబుల్ మీద పోల్ రోజే అని కంపెనీ పేరు, బ్రూట్ వింటేజ్, 2012 అని ఉంది. చిన్నమ్మాయి పెళ్లికి తెరుద్దామని టీవీ పక్కన షోకేసులో నిలబెట్టాను. సంబంధం ఇంకా కుదరలేదు. మా బావమరిది ఆ సంవత్సరం చూసి, ‘ఎక్స్‌పైరీ ఎప్పుడో అయిపోయింది, పారెయ్ బావా’ అంటున్నాడు. పారెయ్యాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పారెయ్యకండి మాస్టారూ. ‘నేను పారేస్తాలే’ అని మీ బావమరిదిగారు అడిగినా ఇవ్వకండి.

బ్రూట్ అంటే తీపి బాగా తక్కువ అని. 2012 గడువు తేదీ కాదు, ద్రాక్ష కోసిన ఏడాది. మామూలు షాంపేన్ మీద సంవత్సరం ఉండదు. బియ్యం వ్యాపారి పాతవీ కొత్తవీ కలిపి ఏడాది పొడుగునా అన్నం ఒకేలా ఉండేట్టు చూస్తాడే, అలా వేర్వేరు ఏళ్ల పంటల వైన్లు కలిపి చేస్తారు. పంట బాగా కుదిరిన ఏడాది మాత్రం దాన్ని విడిగా ఉంచి, లేబుల్ మీద ఆ సంవత్సరం వేస్తారు. అదే వింటేజ్. 2012లో ఈ వైన్ పుట్టే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతాన్ని వసంతంలో మంచు కాల్చేసింది, వడగళ్లు కొట్టాయి, తెగులు పట్టింది. ఆగస్టులో ఎండ కాయబట్టి రైతులు బతికిపోయారు. కాసింది తక్కువే గాని, కాసిన కాయ బంగారం. మీ సీసాలో ఉన్నది ఆ కాయే: అరవై పాళ్లు పినో నువార్ అనే నల్ల ద్రాక్ష, నలభై పాళ్లు షార్డొనే అనే తెల్ల ద్రాక్ష.

ఇక పాతబడటం గురించి. వింటేజ్ షాంపేన్‌ని కనీసం మూడేళ్లు ఉంచాకే అమ్మాలని అక్కడ చట్టం. పోల్ రోజే వాళ్లు ఏడెనిమిదేళ్లు ఉంచుతారు. ఎపర్నే ఊళ్లో వాళ్ల భవనం కింద సున్నపురాయిలో తొలిచిన సొరంగాలు ఏడు కిలోమీటర్ల పైనే ఉంటాయి. అన్నిటికంటే లోతైన చోట వేడి తొమ్మిది డిగ్రీలు. తయారైన వైన్లో కాస్త చక్కెర, పులియబెట్టే ఈస్ట్ వేసి, సీసాకి మూత బిగించి అక్కడ పడుకోబెడతారు. ఈస్ట్ చక్కెరని తిని గ్యాస్ వదులుతుంది. పోయే దారి లేక ఆ గ్యాస్ వైన్‌లోనే కరిగిపోతుంది. బుడగలు అలా పుట్టినవే. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి నురగలు కక్కి ఘాటెక్కుతుంది కదా, అక్కడా ఈస్టే, ఇక్కడా ఈస్టే. తేడా అంతా మూతలోనూ చలిలోనూ ఉంది.

పని అయ్యాక ఈస్ట్ చచ్చి, మడ్డిగా అడుగున చేరుతుంది. ఏళ్ల తరబడి ఆ మడ్డి మీద ఉండబట్టే వైన్‌కి కాల్చిన బ్రెడ్డు, వేయించిన బాదం లాంటి వాసన పడుతుంది. తర్వాత దాన్ని తీసెయ్యాలి. సీసాని పీక కిందికి వంచి, రోజూ ఇంత చొప్పున తిప్పుతూ మడ్డిని మూత దగ్గరికి దించుతారు. ఇప్పుడు చాలా కంపెనీల్లో ఈ పని మిషన్లు చేస్తాయి. పోల్ రోజేలో ఇంకా మనుషులే, చేతుల్తో తిప్పుతారు. ఒక్కొక్కరు రోజుకి యాభై వేల సీసాలు. నా చేతులు ఇక్కడ కూర్చునే నొప్పెడుతున్నాయి. చివరికి పీకని గడ్డకట్టించి మూత తీస్తే, మడ్డి మంచుబిళ్లలా ఎగిరిపడుతుంది. తగ్గినంత వైన్ పోసి బిరడా కొడతారు.

ఇంత చేసిన సీసాని మీరు షోకేసులో నిలబెట్టారు! తొమ్మిది డిగ్రీల్లో పెరిగిన పిల్లని మూడు మే నెలలు హనుమకొండ ఎండలో ఉంచారన్నమాట. వేడికి వైన్ తొందరగా ముసలిదైపోతుంది. పైగా టీవీ పక్కన ట్యూబ్‌లైట్ ఉందనుకుంటాను. వెలుతురు కూడా రుచిని చెడగొడుతుంది. అందుకని పెళ్లిదాకా ఆగొద్దు. అల్లుడుగారు ఈసారి రాగానే తెరిచెయ్యండి. రంగు గోధుమకి తిరిగి, బుడగలు నీరసంగా ఉంటే వేడి దెబ్బ తగిలినట్టే. అయినా ఆరోగ్యానికి ప్రమాదమేం లేదు, రుచి పోతుందంతే.

తెరిచే రోజు బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి అరగంట ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కుర్రతనంలో ఒక హోటల్ బార్‌లో పని చేస్తూ నేనా పని చేసి, పార్టీ గొడవలో మరిచిపోయాను. తెల్లారి చూస్తే ఫ్రీజర్ నిండా గాజుముక్కలు. నెల జీతంలో సగం కోసేశారు. లోపలి ఒత్తిడి తక్కువ కాదు, లెక్కల మాస్టారు కాబట్టి చెబుతున్నా: అయిదారు అట్మాస్ఫియర్లు, కారు టైరుకి రెట్టింపు కంటే ఎక్కువ. క్రికెటర్లలా ఊపకండి. బిరడాకి చుట్టిన తీగ విప్పిన క్షణం నుంచీ బొటనవేలు బిరడా మీదే ఉండాలి. సీసాని వాలుగా పట్టుకుని, బిరడాని గట్టిగా పట్టి సీసానే తిప్పండి. ‘ఠాప్’మనకూడదు, ‘ఉస్స్’మనాలి. మీరు తాగరేమో, వాసనైనా చూడండి.

ప్రశ్న: బ్రిటన్ ప్రధానిగా చేసిన చర్చిల్ పేరుతో ఒక షాంపేన్ ఉందట. ఆయన డబ్బిచ్చి పెట్టించుకున్నాడా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదమ్మా. ఆ పేరు ఆయన పోయాక పెట్టింది. కంపెనీ అదే పోల్ రోజే, 1849లో పుట్టింది. అసలు ఆ ఇంటి కథే వేరు. 1900 ఫిబ్రవరిలో ఒక రాత్రి వానలకి నానిన సొరంగాలు కుప్పకూలి, పదిహేను లక్షల సీసాలు, అయిదొందల పీపాల వైన్ మట్టిలో కలిసిపోయాయి. వ్యవస్థాపకుడు పోయి అప్పటికి రెండు మూడు నెలలే. కొడుకులు నిలదొక్కుకున్నారు. వాళ్లలో మోరిస్ 1914 యుద్ధం నాటికి ఊరి మేయరు. జర్మన్లు వచ్చి, ఆయన్ని కాల్చి చంపుతామని, ఊరు తగలబెడతామని బెదిరించినా ఊరు వదల్లేదు. మగాళ్లంతా యుద్ధానికి పోతే ఆ ఏడాది ద్రాక్ష ఆడవాళ్లూ పిల్లలూ ఫిరంగుల మోతలోనే కోశారు. 1914 వింటేజ్ గురించి వైన్‌వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అన్నట్టు, 1900లో పూడిపోయిన సీసాల్లో కొన్ని 2018లో తవ్వకాల్లో దొరికాయి, చెక్కుచెదరకుండా!

చర్చిల్ 1908 నుంచే వాళ్ల ఖాతాదారు. 1944లో పారిస్‌లోని బ్రిటిష్ ఎంబసీ విందులో ఆ ఇంటి కోడలు ఓడెట్‌ని కలిశాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్నన్నాళ్లూ వాళ్లకి వ్యతిరేకంగా నడిచిన రహస్య ఉద్యమం కోసం ఎపర్నే నుంచి పారిస్‌కి సైకిల్ మీద కబుర్లు మోసిన మనిషి ఆవిడ. స్నేహం కుదిరింది. ఆయనకి 1928 వింటేజ్ అంటే ప్రాణం. నిల్వ ఉన్నన్నాళ్లు ప్రతి పుట్టినరోజుకీ ఆవిడ ఒక పెట్టె పంపేది. ఆయన తన పందెం గుర్రానికి పోల్ రోజే అని పేరు పెట్టుకున్నాడు. 1965లో ఆయన పోతే, బ్రిటన్‌కి పంపే సీసాల లేబుళ్ల చుట్టూ నల్ల అంచు వేశారు. ఖాతాదారు చచ్చిపోతే మైల పట్టిన కంపెనీ నాకు తెలిసి ఇదొక్కటే. ఆయన పేరుతో చేసిన సీసా 1984లో విడుదలైంది, 1975 పంటతో. ఎక్కువ పాలు పినో నువార్, అసలు కొలతలు బయటికి చెప్పరు.

ప్రశ్న: నాసిక్‌లోనూ బుడగల వైన్ చేస్తున్నారు కదా, దాన్ని షాంపేన్ అనొచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అనకూడదు. ఆ పేరు ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతానిదే. మోయె అనే షాంపేన్ చేసే సంస్థే నాసిక్ దగ్గర దిండోరిలో షాందోన్ అనే బుడగల వైన్ మొదలుపెట్టింది. ఆ సంస్థ కూడా దాన్ని స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగల వైన్, అనే అమ్మింది.