ఎవరూ ఔటవ్వని ఆటలు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నగరి దగ్గర నీకిచ్చిన ఎనిమిదో తరగతిలో తెలుగిళ్ల పిల్లలు ఒక పక్క, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒక పక్క కూర్చుంటున్నారనీ, ఆటలతో వాళ్లను కలపాలనుకుంటున్నాననీ రాశావు. నా సర్వీసంతా ఆ సరిహద్దు బళ్లలోనే గడిచింది కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ముందు కుర్చీలాట మానెయ్. అందులో మొదట ఔటయ్యేది ఎప్పుడూ ఆ వెనకబెంచీ పిల్లే. ఆ తర్వాత గోడకానుకుని చూడటమే దాని పని. క్లాసులో ఆడించే ఆటలో ఎవరూ ఔటవ్వకూడదు, పక్కవాళ్ల మాట వినకపోతే ఆట సాగకూడదు. వెనక్కి పడిపోతే నలుగురూ పట్టుకునే ఆటను ఫోన్‌లో చూసే ఉంటావు. సిమెంటు గచ్చు మీద దాని జోలికి పోవద్దు.

నాకు బాగా పనికొచ్చింది ముగ్గు ఆట. ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టు. ఒకరి చేతికి చిన్న మెలికల ముగ్గు ఇవ్వు. 5 చుక్కలు, 3 వచ్చేదాకా సందుచుక్క, అంతకు మించి వద్దు. చూసేవాళ్లు చెప్పాలి, రెండోవాళ్లు గీయాలి. మొదటిసారి గీసేవాళ్లు ఒక్క మాటా అడగకూడదు. ముగ్గు ఘోరంగా వస్తుంది, అందరూ నవ్వుతారు, నవ్వనీ. రెండోసారి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించి, ఏ ప్రశ్న అడిగాక ముగ్గు దారికొచ్చిందో చెప్పమను.

దీనికి సగం పీరియడైనా ఉంచుకో. అసలు పని జరిగేది ఇక్కడే. "నువ్వు సరిగా చెప్పలేదు", "నువ్వే వినలేదు" అని పోట్లాట మొదలవుతుంది. నువ్వు తీర్పు చెప్పకు. "చుక్కను చుట్టి రా అన్నావు గానీ, ఏ వైపు నుంచో చెప్పలేదు" అని వాళ్లలో ఎవరో ఒకరు అనేదాకా ఓపిక పట్టు. మధ్యలో తమిళం దొర్లితే సరిచేయకు. ముగ్గులు ఆడపిల్లల పని అని మగపిల్లలు నసుగుతారు కానీ, ఒకసారి కూర్చున్నాక వాళ్లే వదలరు.

కళ్లకు గంతలు కట్టి, మాటలతోనే వరండాలో నడిపించే ఆట కాస్త ఆగి పెట్టు. మొదటి నెలలో జతను వాళ్లనే ఎంచుకోనీ. గంత కట్టుకోనంటే కళ్లు మూసుకుంటే చాలను. ఆడపిల్లలకూ మగపిల్లలకూ జత కట్టకు, ఆ వయసులో అది వేళాకోళానికే దారి. నడిపించేవాళ్లు సరదాకి స్తంభానికి గుద్దిస్తే, ఆట అక్కడే ఆపేసెయ్.

సిలబస్ ఏం కావాలని హెడ్‌మాస్టరు అడక్క మానరు. పాఠాన్నే ఆటగా మార్చు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, అప్పుడప్పుడే తెల్ల, నల్ల పిల్లలను ఒకే బడిలో కలిపినప్పుడు, ఎలియట్ అరాన్‌సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ వేసిన ఉపాయమిది. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. తనకు లేని ముక్క పక్కవాళ్ల నోటి నుంచి వినాల్సిందే. నువ్వు మన వైపు నదులతో మొదలుపెట్టు. స్వర్ణముఖి, నీవా, కుశస్థలి, అరణియార్, పాలార్ అని ఐదుగురికి ఐదు. ఒకే నది వచ్చినవాళ్లందరూ ముందు ఒకచోట చేరి బాగా నేర్చుకోవాలి, తర్వాత తమ గుంపుకు వెళ్లి చెప్పాలి. ఆ చేరడం లేకపోతే చదువులో వెనకబడిన పిల్లవాడికి గుంపు ముందు టెన్షనే మిగులుతుంది. చివర్లో చిన్న పరీక్ష పెట్టు. ఎవరి మార్కులు వాళ్లవే. గుంపుకు మార్కులు వేస్తే ఆ పిల్లవాడి మీదే తిట్లు పడతాయి.

గొడవ వినిపిస్తుందని పక్క క్లాసు టీచరు విసుక్కుంటారు. ముందే ఒక మాట చెప్పి, వీలైతే మధ్యాహ్నం చివరి పీరియడ్ అడిగి తీసుకో. వారానికి ఒక్కసారి చాలు. ముగ్గుల కాగితాలు అత్త గీసి ఉంచింది, ఆదివారం పుత్తూరు వచ్చినప్పుడు తీసుకెళ్లు.

నీ మామయ్య